కర్చీఫు వేసిన కుర్చీ

గోడమీది పెద్ద తెరలో మూడు ఊళ్ళు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. అమలాపురంలో సూరమ్మ అనే ముసలావిడ, తునిలో ఒక లారీ డ్రైవరు, బొబ్బిలిలో ఒక టీచరమ్మ. ముగ్గురూ మంచాలకి అతుక్కుపోయినవాళ్ళే. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని చూపు ఎక్కడా ఆనడం లేదు. అలాంటి మనుషుల కుడిచేతి చూపుడువేళ్ళు మూడూ ఒక్కసారే లేచి, దుప్పటి మీద ఒకే వరసలో కొట్టాయి.

టక్. టకటక్. టక్.

కాస్త ఆగి మళ్ళీ అదే.

"ఎవడో దొంగవెధవ లోపలికి దూరాడమ్మా," అన్నాడు డాక్టర్ రఫీ. కాకినాడలోని 'జీవతంతి' ప్రయోగశాలకి పెద్ద ఆయనే. "ఏ దేశంవాడో ఏమో. మన పేషెంట్లని తోలుబొమ్మల్లా ఆడిస్తున్నాడు. నిన్న సూరమ్మగారికి గొంతు బిగుసుకుపోయి ఊపిరాగినంత పనయింది. నర్సు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి మనందరం పోలీస్ స్టేషన్లో ఉండేవాళ్ళం."

అక్కడ ప్రోగ్రాములు రాసే హైమవతి తెరకి దగ్గరగా జరిగింది. ఆ దరువు ఆమెకి తెలుసు. పెళ్ళయిన కొత్తలోంచీ ప్రతి ఉదయం విన్నదే. ఆమె భర్త భానుమూర్తి నోరు తెరిచి కాఫీ అడిగిన పాపాన పోలేదు. ఖాళీ స్టీలు గ్లాసు మీద ఉంగరమున్న చూపుడువేలితో కొట్టేవాడు. టక్, టకటక్, టక్. "నోరుందిగా, అడగొచ్చుగా! గ్లాసులన్నీ సొట్టలు పోతున్నాయి," అని ఆమె వంటింట్లోంచి అరిచేది.

ఆ నోరు పడిపోయి రెండేళ్ళవుతోంది. బ్యాంకుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నవాడు వేసుకుంటున్నట్టే కూలబడ్డాడు. మెదడు అడుగున నరం చిట్లిందన్నారు. మనిషి మిగిలాడు గాని లోపల ఎవరూ లేరని నలుగురు డాక్టర్లు చూసి తేల్చారు. ఆ నలుగురిలో రఫీ ఒకడు.

"రఫీగారూ," అంది హైమవతి. "బయటివాడు కాదండీ. అది మా ఆయన."

రఫీ ఆమె వంక జాలిగా చూశాడు. పాపం, పని ఎక్కువై మతి చెడిందనుకున్నాడు. ఆమె ఆయన చూపుని పట్టించుకోకుండా కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

తంతి అంటే రూపాయి బిళ్ళంత యంత్రం. పుర్రె కింద అమరుస్తారు. స్పృహ లేదని తేలిన మనిషికి కూడా అది మింగడం, దగ్గడం, ఒళ్ళు అటూ ఇటూ కదపడం చేయిస్తుంది. మంచంపుళ్ళు పడవు, గొంతులో తెమడ చేరదు. భానుమూర్తితో సహా నాలుగు వందల పైచిలుకు మంది తలల్లో ఉన్న తంతులన్నీ ఒక్క వలలో కలిసి ఉంటాయి. రఫీ ఇక్కడ కాకినాడలో కూర్చుని బొబ్బిలి దాకా అందరినీ చూసుకుంటాడు. ఆ యంత్రం లోపల కెర్నల్ అని ఒకటుంటుంది. ఇంటి తాళాలన్నీ నడుముకి దోపుకుని తిరిగే అత్తగారిలాంటిది. ఎవరొచ్చినా ఆవిడే తలుపు తీయాలి, ఎవరికి ఏ తాళంచెవి ఇవ్వాలో ఆవిడే చెప్పాలి. ఆ అత్తగారికి బుద్ధులు నేర్పింది, అంటే వల మీంచి వచ్చేవాళ్ళని లోపలికి రానిచ్చే భాగమంతా రాసింది, హైమవతే.

డాక్టరుకి అన్ని తాళాలూ. నర్సుకి కొన్ని. చూడ్డానికొచ్చిన చుట్టాలకి చూడ్డం వరకే. మరి పేషెంటుకి? అందరికన్నా అట్టడుగున వేసింది. పేషెంటు నరాల్లోంచి వచ్చే తీగ కబురు చెప్పాలి తప్ప ఆజ్ఞ ఇవ్వకూడదు. తన ఒంటి మీద తనకే అధికారం లేని ఏకైక మనిషి పేషెంటే. స్పృహే లేనివాడికి అధికారమేమిటని అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. ఆమెకీ రాలేదు.

ఇక కర్చీఫు సంగతి. రఫీ ఫోను మోగితే వరండాలోకి పరిగెత్తే మనిషి. కోనసీమలో కరెంటు పోతే లైను తెగేది. తిరిగొచ్చిన ప్రతిసారీ వేలిముద్రలూ, పాస్‌వర్డులూ మొదట్నుంచీ ఇవ్వాల్సొచ్చేది. "ఇదేం సంతమ్మా, నా కుర్చీలో నేను కూర్చోడానికి రోజుకి పదిసార్లు సాక్ష్యాలా?" అని ఆయన విసుక్కున్నాడు. అప్పుడు హైమవతికి మన బస్సులు గుర్తొచ్చాయి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు విసురుతాం. ఆ కర్చీఫున్న సీటు మనదే. అలాగే డాక్టరు లేచి వెళ్ళినా, ఆయన తాళంచెవుల గుత్తితో సహా ఆ కుర్చీని కెర్నల్ కాసేపు అట్టే పెడుతుంది. ఆ భాగానికి 'కర్చీఫు' అనే పేరు పెడితే ప్రయోగశాలంతా నవ్వుకున్నారు. బాగానే పనిచేసింది కూడా.

ఇప్పుడు, నవ్వుకున్న ఆ గదిలోనే, తప్పు ఎక్కడుందో ఆమె కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కుర్చీలో కర్చీఫు ఉందా అని కెర్నల్ చూస్తుంది. వచ్చి కూర్చున్నవాడు కర్చీఫు వేసినవాడేనా అని అడగదు. అడగాలని ఆమెకి తోచలేదు. కర్చీఫు వేసిన సీట్లో ఇంకొకళ్ళు కూర్చోరు కదా, అది మర్యాద. పుట్టి పెరిగిన మర్యాదని యంత్రానికీ తెలుసనుకుంది. ఆ కుర్చీలో ఎవడు ముందు కూర్చుంటే వాడే డాక్టరు, నాలుగు వందల ఒళ్ళకీ వాడే యజమాని.

రఫీ ఆ ఉదయం ఫోనుకి లేచి వెళ్ళిన ప్రతిసారీ ఏం జరిగిందో ఆమె వెనక్కి తిప్పి చూపించింది. ఆయన లేస్తాడు. కుర్చీ ఖాళీ అవుతుంది. కెర్నల్ కన్నుమూసి తెరిచేలోగా రామారావుపేటలోని ఒక ఇంటి నుంచి తలుపుని భుజంతో నెట్టినట్టు ఒక చిన్న తోపు వస్తుంది. ఆ ఇల్లు హైమవతిది. ఆ తోపు వెనకాలే నాలుగు వందల వేళ్ళలో ఆ దరువు మొదలవుతుంది. కొన్ని చేతులు మరీ చచ్చుబడి కదల్లేదు గాని ఆజ్ఞ అందరికీ వెళ్ళింది.

రఫీ కుర్చీలోకి జారబడ్డాడు. "ఎలాగమ్మా? ఆయన ప్రోగ్రామరా ఏమన్నానా? బ్యాంకులో గుమాస్తా!"

"పసిపిల్లకి బోర్లా పడ్డం ఎవరు నేర్పుతారండీ? కొట్టుకోగా కొట్టుకోగా ఓనాడు ఒళ్ళు తిరుగుతుంది. ఈయనకి రెండేళ్ళు ఇంకో పని లేదు. లోపల్నించి తోస్తూనే ఉన్నాడు. ఒకసారి తగిలింది. ఎప్పుడు తోస్తే తగులుతుందో నరానికి తెలిసిపోయింది." అంటూ ఆమె ఏడవడం మొదలుపెట్టింది. "మీరు స్పృహ లేదన్నారు సార్."

ఆయన తల దించుకున్నాడు. నలభై ఏళ్ళ వైద్యంలో అంత చిన్నబోయిన క్షణం ఇంకోటి లేదని తర్వాత ఎవరితోనో అన్నాడట.

ఇద్దరూ తేరుకునేసరికి ఇంకో సంగతి ముందుకొచ్చింది. తలుపు మూయాలి. ఇవాళే మూయాలి. భానుమూర్తికి తెలియకపోవచ్చు గాని, అతను వేలు కదిపితే అందరి వేళ్ళూ కదులుతున్నాయి. రేపు తల తిప్పాలని చూస్తే అందరి మెడలూ తిరుగుతాయి. సూరమ్మ గొంతు బిగుసుకోవడం కూడా అందులో భాగమేనని ఇద్దరూ అనుకున్నారు. మూస్తే అతని చేతిలోకి వచ్చిన ఆ ఒక్క వేలూ మళ్ళీ చచ్చిపోతుంది.

"ఆయనకో కుర్చీ విడిగా వేద్దాం సార్. దొంగతనంగా కాకుండా, న్యాయంగా."

"ఎక్కడ వేస్తావమ్మా? పేషెంటు తీగ చిప్పులోనే వన్‌వే. చిప్పు మార్చాలంటే తల మళ్ళీ తెరవాలి. ఆ తల ఇంకో ఆపరేషనుకి తట్టుకోదని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"పోనీ ఆయన ఒక్కడిదీ వదిలేసి మిగతావాళ్ళవి బాగుచేద్దాం."

"తలుపు ఒక్కచోట తెరిచున్నా గుత్తి అందరిదీ కదా. వలలోంచి విడదీశామా, మింగడం ఆగిపోతుంది. సాయంత్రానికి మనిషి దక్కడు." రఫీ ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "కాకపోతే ఒకటి చేయగలను. మంచం మంచానికీ ఓ మనిషిని నిలబెట్టమని అన్ని ఆసుపత్రులకీ చెప్తాను. ఆ తర్వాత నేను కుర్చీలో కూర్చుని లేస్తాను. నువ్వెళ్ళి మాట్లాడు. మాట్లాడి, అక్కణ్ణుంచే మూసెయ్."

ఆ తప్పుకి అతుకు వేసే పాచ్ రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. చిన్న ప్రశ్న, అంతే. కర్చీఫు నీదేనా? కాదంటే నడు. రాయడం అయిపోయాక ఆమె మనసొప్పక ఇంకొకటి కూడా కలిపింది. కాదని ఎవరిని తోసేసినా ప్రయోగశాలలో ఒక గంట మోగాలి. తలుపు తీయలేకపోయినా కనీసం కొట్టిన చప్పుడు తనకి వినపడాలి.

ఇంటికెళ్ళేసరికి కూతురు లహరి తండ్రికి గడ్డం గీస్తోంది. ఇంటర్ చదువుతోంది. తల్లి చెప్పింది విని చేతిలోని రేజరు జారవిడిచింది. చెంప మీద నురగ అలాగే ఉండిపోయింది.

"అంటే నాన్నకి అన్నీ వినపడతన్నాయా?"

"అడుగుదాం," అంది హైమవతి. స్పీకరు పెట్టి రఫీకి ఫోను చేసింది. మంచం పక్కన కూర్చుని భర్త కుడిచేతిని తన అరచేతిలోకి తీసుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. రెండేళ్ళుగా రోజూ ఒళ్ళు తుడుస్తూనే ఉంది గాని, ఆ చేతిని ఇలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

"లేస్తున్నానమ్మా," అంది ఫోనులో రఫీ గొంతు.

వేలు లేచింది. టక్. టకటక్. టక్.

లహరి నోరు రెండు చేతులతో మూసుకుంది.

"ఏవండీ! నేను, హైమని. అవునంటే ఒకసారి కొట్టండి. కాదంటే రెండుసార్లు. వినపడుతోందా?"

టక్.

"మొదట్నుంచీనా? పడిపోయిన రోజు నుంచీ వినపడుతోందా?"

టక్.

హైమవతి గది చుట్టూ చూసింది. ఈ మంచం చుట్టూ కూర్చుని ఎన్ని మాట్లాడుకోలేదు! అతని బండి అమ్మింది ఇక్కడే. పలకరించడానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుని, "ఇంకెన్నాళ్ళు లాగుతుందో" అని అడిగింది ఇక్కడే. అందరికన్నా తనే ఎక్కువ పాపం చేసింది. అతని తల పక్కనే నిలబడి వచ్చినవాళ్ళతో "ఆయన ఉన్న రోజుల్లో" అనేది. ఉన్న రోజుల్లో! ఆ మాట విని మనిషి ఏమైపోయి ఉంటాడు?

"క్షమించండి," అంది.

వేలు కదల్లేదు. అవుననలేదు, కాదనలేదు.

"నాన్నా, నేను రోజూ నీ దగ్గర కూర్చుని చదివిన పాఠాలు, అవీ విన్నావా?" అంది లహరి.

టక్.

"బోరు కొట్టిందా?"

టక్. ఆ ఒక్క దెబ్బకీ పిల్ల నవ్వుతూ ఏడ్చింది. ముగ్గురూ మళ్ళీ ఒక ఇల్లయ్యారు. తానొచ్చిన పని ఆ కాస్తసేపూ హైమవతి మరిచిపోయింది.

"అమ్మా హైమా," అని రఫీ మెల్లగా గుర్తుచేశాడు.

ఆమె చెప్పింది. దాచకుండా, తేలిక చేయకుండా చెప్పింది. మీరు వేలు ఎత్తితే నాలుగు వందల మంది వేళ్ళు లేస్తున్నాయి. అమలాపురంలో ఒక పెద్దావిడకి ఊపిరాగబోయింది. ఈ దారి మూసెయ్యాలి. మూశాక మీ వేలు మీ మాట వినదు. "మూసెయ్యనా అండీ?"

టక్ టక్.

ఆమె ఇది ఊహించలేదు. నలుగురికీ మంచి జరుగుతుందంటే వెనకా ముందూ చూడకుండా చొక్కా విప్పి ఇచ్చే మనిషి అతను. ఆ నమ్మకంతోనే వచ్చింది.

"ఆవిడ చచ్చిపోతుందండీ."

టక్ టక్. ఈసారి గట్టిగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. టక్ టక్. టక్ టక్. ఆ వేలికున్న బలమంతా ఆమె అరచేతిలో గుచ్చుకుంటోంది. రెండేళ్ళు సమాధిలో పడి ఉన్నవాడు పైకి తవ్వుకుని వచ్చాడు. మళ్ళీ లోపలికి పొమ్మంటే ఎవడు మాత్రం సరే అంటాడు? ఆమెకి కోపం రాలేదు, సిగ్గేసింది.

"మూయొద్దమ్మా," అంది లహరి. "నాన్న వద్దంటున్నాడు కదా. వద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను మిమ్మల్ని అడగడానికి రాలేదండీ, చెప్పడానికి వచ్చాను. మీరు తలుపు కొడితే నా దగ్గర గంట మోగుతుంది. నాకు తెలుస్తుంది. ఇంకో దారి దొరికే దాకా..."

ఫోనులో ఒక్కసారిగా కేకలు వినిపించాయి. అమలాపురం నర్సు గొంతు అది. "సార్, సూరమ్మగారికి మళ్ళీ బిగుసుకుపోయిందండీ! మొహం నల్లబడిపోతందండీ! ఏదోటి చెయ్యండి సార్!"

"హైమా!" అని అరిచాడు రఫీ.

హైమవతి ఎడమచేత్తో ల్యాప్‌టాప్ మీద మీట నొక్కింది. కుడిచేతిలో భర్త వేలు 'కాదు' అనడానికి ఒక దెబ్బ కొట్టి, రెండో దెబ్బకి లేచి, లేచింది లేచినట్టే మెత్తబడి ఆమె అరచేతిలో పడిపోయింది. అమలాపురంలో సూరమ్మ ఊపిరి తీసుకుంది. లహరి లేచి గోడవైపు తిరిగి నిలబడింది.

మిగిలిన నురగని హైమవతే తుడిచింది. సాయంత్రమంతా అతనితో మాట్లాడుతూనే ఉంది. ఆఫీసు కబుర్లు, కూరగాయల ధరలు, పాత గొడవలు, ఏది నోటికొస్తే అది చెప్పింది. అతను వింటున్నాడని తెలిశాక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి వెళ్ళేసరికి రఫీ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, పేషెంట్లందరినీ ఒకసారి చూశాడు, అలవాటు ప్రకారం ఫోనొస్తే లేచాడు. ఆయన గుమ్మం దాటకముందే గంట మోగింది.

హైమవతి ఉలిక్కిపడి లేచింది. "కొట్టారు! సార్, మా ఆయన కొట్టారండీ!" అలిగి ఊరుకుంటాడేమోనని రాత్రంతా భయపడింది. అలగలేదు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఇంటికి ఫోను చేసి లహరితో, "నాన్నకి చెప్పవే, నాకు వినపడిందని చెప్పు," అంది.

"నాన్న నిద్రపోతున్నాడమ్మా," అంది లహరి పొడిగా.

"సరిగ్గా చూడు."

"గురక పెడుతున్నాడు."

హైమవతి ఫోను పెట్టేసి తెర వంక చూసింది. ఆ తోపు రామారావుపేట నుంచి రాలేదు. తుని నుంచి వచ్చింది. లారీ డ్రైవరు మంచం.

గంట మళ్ళీ మోగింది. బొబ్బిలి, టీచరమ్మ. ఇంకోసారి మోగింది. ఈసారి పాలకొల్లు. అక్కడ ఎవరున్నారో కూడా ఆమెకి తెలియదు. రఫీ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెనక్కి వచ్చాడు. అవతలివాళ్ళు హలో హలో అంటూనే ఉన్నారు.

"మీ ఆయన దరువు వాళ్ళ చేతుల్లోంచి పోయింది కదమ్మా," అన్నాడు. "తలుపు ఎక్కడుందో వాళ్ళకీ తెలిసిపోయింది."

"వాళ్ళకి స్పృహ లేదన్నారు కదండీ. వీళ్ళలో ఎవరికీ లేదన్నారు కదండీ!"

అందరి కాగితాల మీదా సంతకం రఫీదే. అంతలో అమలాపురం గంట మోగింది. హైమవతి సూరమ్మ తంతిని తెరిచి, నిన్న ఆవిడ గొంతు బిగించిన ఆజ్ఞ ఎక్కణ్ణుంచి బయల్దేరిందో వెతికింది. మొన్నటిదీ వెతికింది. రెండూ భానుమూర్తి దగ్గర్నుంచి రాలేదు. ముసలావిడ తలలోంచే బయల్దేరి, ఆ ఖాళీ కుర్చీ మీదుగా ఆవిడ గొంతుకే వెళ్ళాయి. వేలితో కాదు, ఆవిడ గొంతుతో ప్రయత్నించింది. రెండేళ్ళో మూడేళ్ళో వాడని గొంతు, అరవబోతే ఊపిరికి అడ్డం పడింది. ఎవరినో పిలవబోయింది, అంతే.

గంటలు ఆగడం లేదు. నర్సీపట్నం, రాజోలు, పిఠాపురం, ఒకదాని మీద ఒకటి. వరండాలో ఉన్నవాళ్ళు కూడా లోపలికొచ్చి ఏం జరుగుతోందో అర్థంకాక నిలబడిపోయారు. రఫీ ఆ మోత భరించలేక గంటలు ఆపే మీట వైపు చెయ్యి చాచాడు.

"ఆపకండి!" అంది హైమవతి, ఆయన చెయ్యి పట్టుకుని. "తలుపు మూసింది నేను. వినకుండా కూడా చేయకండి సార్."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈపాటికి భానుమూర్తి నిద్ర లేచే ఉంటాడు, కాఫీ వేళ అయింది. ఆమె చెవులు రిక్కించి వింది. అన్ని గంటలూ ఒక్కసారే మోగుతున్నాయి, అందులో తన మనిషిది ఏదో ఆమె పోల్చుకోలేకపోయింది.